కనుమ గేటు మూడింటికి మూస్తారు

డిపో వెనక వీధి, మేడ మీద వాటా
ఏప్రిల్ 9

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను అందని కొండ మీద ఉద్యోగం వెలగబెడుతున్నావు కాబట్టి నాకీ కాగితాల ఖర్చు. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ బావ కుడిచెయ్యీ కుడికాలూ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాటలు కూడా ఆ రెండే. సరే అనాలంటే "రైట్", వద్దనాలంటే "హోల్డాన్". ముప్పై ఏళ్ళు కండక్టరుగా అరిచిన మాటలు కదా, పక్షవాతం కూడా వాటి జోలికి పోలేదు. ఇంకొంచెం పెట్టనా అంటే "హోల్డాన్", స్నానానికి లేద్దామా అంటే "రైట్". వీటితోనే సంసారం నడుస్తోంది. కొంతమంది మొగుడూ పెళ్ళాల మధ్య ఆ రెండు మాటలు కూడా ఉండవు, మాకు నయం.

అసలు సంగతికి వస్తాను. ఆయన్ని వారానికి నాలుగు రోజులు, ఇలాంటి మనుషుల్ని పగలు చూసుకునే కేంద్రానికి పంపుతున్నాను కదా, మేడ మెట్లు మా డిపో కుర్రాళ్ళు నలుగురు పట్టి దించుతారు కానీ, కేంద్రం వ్యానుకి లిఫ్టు లేదు. చక్రాల కుర్చీని మనిషితో సహా ఇద్దరు పట్టుకుని పైకెత్తుతారు. పోయిన గురువారం ఒకతని చెయ్యి జారింది. బావ నుదురు తలుపు అంచుకి కొట్టుకుని నాలుగు కుట్లు పడ్డాయి. పడుతూ కూడా "హోల్డాన్, హోల్డాన్" అని అరిచాడట. పాపం వాళ్ళనీ అనలేం. ఎనిమిది మందిని రోజూ ఎక్కించి దించే చేతులవి. లిఫ్టు పెట్టించే స్తోమత కేంద్రానికి లేదు.

మా డిపో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. సెప్టెంబరులో కొండ పరుగు. యాభై రెండు కిలోమీటర్లు, రెండు కొండలు, పొద్దున్న ఐదింటికి మొదలు, రాత్రి ఎనిమిదికి ఆఖరు. పరిగెత్తేవాళ్ళు తమకి నచ్చిన మంచిపనికి చందాలు పోగుచేసుకోవచ్చు. నేను పేరిచ్చేశాను. ముందు నవ్వు. నవ్వడం అయ్యాక కింది పేరా చదువు.

ఆ దారి నీ వాతావరణ కేంద్రం వాకిట్లోంచే పోతుందట. తొమ్మిదేళ్ళుగా అక్కడ గాలీ వానా కొలుచుకుంటూ కూర్చున్నావు కాబట్టి నీకు ప్రతి రాయీ తెలిసుంటుంది. ఉన్నదున్నట్టు రాయి. భయపెట్టడానికి రాయకు, ధైర్యం చెప్పడానికీ రాయకు.

నలభై తొమ్మిదేళ్ళు నాకు. ఇరవై రెండేళ్ళ డ్రైవరు ఉద్యోగంలో ఒక్కరోజు డిపోకి ఆలస్యంగా పోలేదు. అన్న టైముకి చేరడం ఒక్కటే నాకొచ్చిన విద్య. ఇదీ అదే కదా అనుకుంటున్నాను.

నీ అక్క


కనుమ మీద వాతావరణ కేంద్రం
ఏప్రిల్ 23

అక్కా,

చెప్పినట్టే ముందు నవ్వాను. ఇరవై రెండేళ్ళు సీటుకి అతుక్కుని బతికిన మనిషివి. మెట్లెక్కితే ఆయాసమని పై వాటా అద్దెకి తీసుకున్నందుకు నన్నే తిట్టావు, ఇల్లు వెతికింది నేనేనని. ఇప్పుడు రెండు కొండలా? నీ ఉత్తరం మళ్ళీ చదివాను. కుట్ల సంగతి దగ్గర నవ్వు ఆగిపోయింది.

దారి ఇలా ఉంటుంది. మొదటి కొండ పెద్దగా ఏడిపించదు. చెట్ల నీడ, మెత్తటి మట్టి. ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర చెట్లు అయిపోతాయి, రాళ్ళు మొదలవుతాయి. అక్కణ్ణించి రెండో కొండ మీది కనుమ దాకా ఏడు కిలోమీటర్లు. నాలుగడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారే రకం. కనుమ దగ్గర నా వాకిట్లో గేటు. అది దాటాక పద్దెనిమిది కిలోమీటర్లు దిగుడే. దిగుడేనని సంబరపడకు. చాలామంది కాళ్ళు తెగేది అక్కడే. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో.

ఇక్కడ నా సంగతులు నాలుగు ముక్కల్లో అయిపోతాయి. రోజుకి నాలుగుసార్లు రీడింగులు. వారానికోసారి సోమవారం జీపు వస్తుంది, సరుకులూ ఉత్తరాలూ తెస్తుంది. జీపు డ్రైవరు వెళ్ళేదాకా మాట్లాడి, తర్వాత ఆరు రోజులు నోరు మూసుకుంటాను. వంటగదిలో గోడగడియారం నువ్వు నేర్పినట్టే పది నిమిషాలు ముందుకి పెట్టుకున్నాను. అమ్మ పోయాక నన్ను బడికి తోలడానికి నువ్వు కనిపెట్టిన ఉపాయం అది, ఇంకా వదల్లేదు. పరుగెత్తుకుంటూ తయారై బయటికొస్తే రీడింగుకి ఇంకా పది నిమిషాలు ఉంటుంది. రోజూ తెలిసే మోసపోతాను, రోజూ హాయిగా ఉంటుంది.

బావని అడిగానని చెప్పు. ఏమంటాడో తెలుసనుకో.

తమ్ముడు


డిపో వెనక వీధి
జూన్ 18

తమ్ముడూ,

బూట్లు ఒక సైజు పెద్దవే కొన్నాను. షాపువాడు నా మొహం చూసి "మీ అబ్బాయికా అమ్మా?" అన్నాడు.

డ్యూటీ దిగాక మా రూటు మీదే పరిగెడుతున్నాను. పదకొండో నంబరు బస్సు వెనక పదకొండో నంబరు డ్రైవరు పరిగెడుతుంటే ప్రయాణికులకి వేడుకగా ఉంది. వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతారు. మొదటి వారం రెండో స్టాపు దగ్గరే కూలబడ్డాను. ఇప్పుడు ఆఖరి స్టాపుదాకా పోయి, వచ్చేటప్పుడు అదే బస్సెక్కి వస్తున్నాను. డిపోలో నాకు పెట్టిన పేరు నీకు తెలుసు కదా, టైంటేబులమ్మ. ఇప్పుడు దాన్ని మార్చి ఎక్స్‌ప్రెస్ సర్వీసు అంటున్నారు. ఆదివారాలు ఆసుపత్రి వెనక మెట్లు, నూట నలభై, పదిసార్లు ఎక్కి దిగుతాను. ఆ సేపు కింది వాటా ఆవిడ బావ దగ్గర కూర్చుంటుంది.

డిపోలో అందరూ కిలోమీటరుకింత అని రాశారు. అదంతా కలిపినా లిఫ్టు రాదు. రాదని తెలిసే టైర్ల షాపు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మా డిపోకి టైర్లు వేసేది ఆయనే. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పూర్తిగా పరిగెత్తి ఆఖరి గీత దాటండి, లిఫ్టు మొత్తం నేను బిగించి ఇస్తాను. గీత ఇవతల ఆగితే నన్నడగొద్దు" అన్నాడు. ఎందుకలా అని అడిగితే, చందాకి వచ్చేవాళ్ళు తనకి రోజుకి ముగ్గురట, పని పూర్తిచేసినవాళ్ళని ఇంకా చూడాలట. మనిషి మోటు. మాట తప్పడని మెకానిక్కులు చెప్పారు.

అందుకని నాకిప్పుడు ముప్పై కిలోమీటర్లూ నలభై కిలోమీటర్లూ లెక్కలోకి రావు. యాభై రెండే.

బావ నా కాళ్ళు చూసి రోజూ "హోల్డాన్" అంటున్నాడు. నేను వినడం లేదు.

అక్క


కనుమ
జూలై 20

అక్కా,

నీకొక సంగతి చెప్పాలి. ఈ ఏడు కనుమ గేటు బాధ్యత నాకు అప్పగించారు. ముందు వద్దన్నాను, అక్క పరిగెడుతోందని కారణం కూడా చెప్పాను. పోటీ కార్యదర్శి ఆవిడ నవ్వి, "అయితే మీకన్నా గట్టిగా ఎవరుంటారు?" అని రాసింది.

నియమం ఇది. మధ్యాహ్నం మూడింటికి గేటు మూస్తాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళని దాటనివ్వను. దుప్పటి కప్పి, టీ ఇచ్చి, జీపులో దింపుతాం. నాలుగేళ్ళ కిందట ఒక మెతక మనిషి గేటు దగ్గర ఉండి, ఐదు నిమిషాలే కదా అని ఒకాయన్ని వదిలాడు. ఆయన దిగుడులో కాలు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న దొరికాడు. బతికాడు, కానీ రాత్రంతా ఆయన అరుపులు గాల్లో వినబడుతున్నా ఎటునుంచో తెలియక లాంతరు పట్టుకుని తిరిగినవాళ్ళలో నేనొకణ్ణి. అందుకని చెబుతున్నాను, మూడంటే మూడే.

అక్కవని చూడను. ముందే చెప్పడం నా ధర్మం.

తమ్ముడు


డిపో వెనక వీధి
ఆగస్టు 6

తమ్ముడూ,

నిన్ను ఎవరు చూడమన్నారు? బస్సు కదిలాక వెనక పరిగెత్తుకొచ్చే చుట్టాల కోసం నేనెప్పుడైనా బ్రేకు వేశానా? మీ బావ తల్లినే ఒకసారి స్టాపులో వదిలేసి పోయాను. ఆవిడ ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

ఒక్క నిమిషం కూడా నాకు దానం చెయ్యకు. రెండున్నరకల్లా నీ గేటు దాటతాను. టీ మాత్రం పెట్టి ఉంచు, నిలబడే తాగి పోతాను.

అక్క


కనుమ
సెప్టెంబరు 22

అక్కా,

పరుగయ్యి వారం దాటింది. జీపులో నువ్వు దిగిపోయేటప్పుడు సరిగా మాట్లాడుకోలేదు. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు పొగమంచు పది గంటలకే దిగింది, వాన కూడా పట్టుకుంది. గాలి వేగం నా రిజిస్టరులో ఉంది, చూపిస్తాను. అలాంటప్పుడు గేటు నియమం మరీ ముఖ్యం. గేటు గుంజకి గడియారం వేలాడుతోంది, అందరికీ కనబడేలా. నువ్వు మలుపు తిరిగి వచ్చేసరికి అందులో మూడు దాటి ఆరు నిమిషాలు. నాకు సాయం వచ్చిన డ్రాయింగు మాష్టారు పక్కనే ఉన్నారు, ఆయనే షీటులో రాశారు. నీ తర్వాత ఇంకో ఏడుగురు వచ్చారు. వాళ్ళనీ ఆపాను. ఒకతను బతిమాలాడు, ఒకావిడ తిట్టింది. అందరికీ ఒకటే నియమం. నియమం అంటూ పెట్టుకున్నాక మన మనిషి, పరాయి మనిషి అని ఉండకూడదు. నువ్వు కూడా అదే చెప్పావు, బస్సు సంగతి రాశావు.

ముప్పై నాలుగు కిలోమీటర్లంటే మాటలు కాదు. డిపోవాళ్ళు ఆ మేరకి ఇస్తారు కదా. టైర్ల షాపు ఆయనతో ఇంకోసారి మాట్లాడి చూడు.

కాలి గోళ్ళు ఎలా ఉన్నాయి?

తమ్ముడు


డిపో వెనక వీధి
సెప్టెంబరు 30

తమ్ముడూ,

గోళ్ళు మూడు పోయాయి. మిగతావి ఉంటాయన్నాడు డాక్టరు. సోమవారం నుంచి డ్యూటీకి పోతున్నాను. క్లచ్ తొక్కినప్పుడు కొంచెం నొప్పి.

నువ్వు చేసింది సరైన పనే. దాని గురించి మళ్ళీ రాయనక్కర్లేదు. ఆలస్యమైతే ఆలస్యమే. వాన, పొగమంచు, నా కాళ్ళు, ఏదో ఒకటి. నేను గడియారం కూడా సరిగా చూడలేదు.

టైర్ల షాపు ఆయన్ని అడగలేదు, అడగను. వ్యాను కుర్రాళ్ళకి నడుం బెల్టులు కొనిచ్చాను, ఎత్తేటప్పుడు పట్టు జారకుండా. ప్రస్తుతానికి సరిపెట్టుకోవచ్చు.

నీ టీ బాగుంది. బెంచీ మీద దుప్పటి కప్పింది డ్రాయింగు మాష్టారా, నువ్వా? ఎవరైతేనేం, మంచి దుప్పటి.

చలి మొదలవుతోంది, చెవులకి మఫ్లరు చుట్టుకో.

అక్క


కనుమ
అక్టోబరు 7

అక్కా,

నువ్వు తిడతావని చూశాను. నాలుగు పేజీలు తిడతావనీ, చదివి నేనూ నాలుగు పేజీలు సమాధానం రాయొచ్చనీ చూశాను. మఫ్లరు చుట్టుకో అని రాశావు. ఆ ముక్క చదివినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

చెప్పేస్తాను. నువ్వు ఆలస్యంగా రాలేదు.

గేటుకి వేలాడిన గడియారం నా వంటగదిది. ఆ రోజు టీ నీళ్ళు పొయ్యడానికి చేతి గడియారం తీసి మేకుకి తగిలించాను. డ్రాయింగు మాష్టారు, పరిగెత్తేవాళ్ళకి టైము కనబడాలి కదా అని, నన్నడక్కుండానే వంటగదిలోంచి గోడగడియారం తెచ్చి గుంజకి కట్టారు. ఆయనకి పది నిమిషాల సంగతి ఏం తెలుసు? తెలిసింది నాకే. అది వంటగదిలో ఉన్నంతసేపూ నేను చూడగానే బుర్ర దానంతటదే పది తీసేస్తుంది, తొమ్మిదేళ్ళ అలవాటు. గేటు మీదికి వచ్చేసరికి అదేదో కొత్త గడియారంలా, సర్కారు గడియారంలా కనబడింది. అది మూడు చూపించగానే గేటు మూశాను. అప్పటికి నిజంగా రెండు యాభై. నువ్వు వచ్చింది రెండు యాభై ఆరుకి.

నీ తర్వాత వచ్చిన ఏడుగురూ నిజంగానే మూడు దాటాక వచ్చినవాళ్ళు, షీటుతో సరిచూశాను. ఆ పది నిమిషాల్లో వచ్చింది నువ్వొక్కదానివే.

నాకెప్పుడు తెలిసిందంటావా? ఆ సాయంత్రమే. ఆరు గంటల రీడింగుకి గడియారం తెచ్చి గోడకి పెట్టాను, చూశాను, బుర్ర పది తీసేసింది. నీ జీపు అప్పటికి కింది మలుపు కూడా దాటలేదు. పరిగెత్తితే ఆపగలిగేవాణ్ణి. పరిగెత్తలేదు. పోయిన ఉత్తరంలో గాలి వేగం, నియమం అని ఏవేవో రాసి నీళ్ళు నమిలాను. భయం అక్కా. అందరి ముందూ మూడంటే మూడే అని రొమ్ము విరుచుకుని నిలబడ్డవాణ్ణి.

ఈ జీపులోనే పోటీ కార్యదర్శికి కూడా ఉన్నదంతా రాసి పంపుతున్నాను. వాళ్ళు ఏం చేసినా సరే.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. నీ చేతికి గడియారం ఉంది. డిపో గడియారంతో రోజూ సరిచేసుకునే గడియారం. ప్రతి స్టాపులో దాన్ని చూస్తావు, నిద్రలో కూడా చూస్తావని బావ ఎగతాళి చేసేవాడు. గేటు దగ్గర గడియారం చూడలేదని రాశావు. నువ్వా?

క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు. అడుగుతున్నాననే అనుకో.

తమ్ముడు


డిపో వెనక వీధి
అక్టోబరు 14

తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. తర్వాత సమాధానం రాయడానికి కూర్చున్నాను. నేను రాస్తూ పైకి చదువుతాను కదా, ఆయన వింటూ ఉంటాడు. "పోనీలేరా, వానకి నా గడియారం కనబడలేదు" అని రాశాను. ఆయన "హోల్డాన్" అన్నాడు. నేను ఆగలేదు. "అద్దం మీద నీళ్ళు పడ్డాయి" అని ఇంకో ముక్క రాశాను. ఆయన ఎడమచెయ్యి చాచి కాగితం మీద బోర్లా పెట్టి, గట్టిగా, బస్సంతా వినబడేలా అరిచినట్టు "హోల్డాన్!" అన్నాడు. పద్నాలుగేళ్ళు నా బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి నన్ను అద్దంలో చూసిన మనిషి. ఆయన దగ్గర నా ఆటలు సాగవు. ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను.

గడియారం చూశాను. మలుపు తిరగ్గానే చూశాను. రెండు యాభై ఆరు. తలెత్తితే నీ గేటు మీద మూడూ ఆరు. క్షణంలో తెలిసిపోయింది, ఇది నా తమ్ముడి వంటగది గడియారమని. ఆ ఉపాయం నేర్పిందే నేను, నాకు తెలియదా? "ఒరేయ్, పది తియ్యి" అని ఒక్క మాట అంటే చాలు. నువ్వు గేటు తీసేవాడివి.

అనలేదు.

ఎందుకో చెబుతాను, నవ్వకు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగక్కా, ఇంక చాలు, వచ్చి కూర్చో" అన్నావు. ఏడాదిన్నర అయింది బావ మంచాన పడి. పొద్దున్న నాలుగింటికి లేస్తాను. ఆయన్ని లేపి, కడిగి, తినిపించి, వ్యాను ఎక్కించి, బస్సెక్కి, దిగి, మళ్ళీ ఎత్తి, దించి, పడుకోబెట్టి. పైగా ఈ పరుగు. ఈ ఏడాదిన్నరలో నన్ను శభాష్ అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నీ ఓపికకి దండం పెట్టాలన్నారు. ఆగమని ఒక్కరూ అనలేదు. నువ్వు అన్నావు. నా కాళ్ళు వాటంతటవే బెంచీ వైపు వెళ్ళాయి. దుప్పటి కప్పారు. టీ ఇచ్చారు. అరగంటసేపు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేనురా. లిఫ్టు గుర్తుంది, బావ నుదుటి కుట్లు గుర్తున్నాయి, అయినా లేవలేదు. అంత స్వార్థం నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఎప్పుడైనా బయటపడితే తప్పు నీ మీదే పడనీ అని ఊరుకున్నాను. నిన్ను తిట్టకపోవడం నా మంచితనం కాదు. తిట్టడానికి మొహం చెల్లలేదు.

ఇది నీ కార్యదర్శికి కూడా చెప్పు. గేటు తప్పు సగమే నీది.

బావ ఇప్పుడు చెయ్యి తీసేశాడు. మొత్తం చదివాను. "రైట్" అన్నాడు.

అక్క


కనుమ
అక్టోబరు 21

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని జీపు డ్రైవరు ముందే ఏడ్చాను. ఆయన కంగారుపడి, చెడ్డ కబురా అని అడిగాడు. మంచిదేనన్నాను. ఈ కొండ మీద ఒంటరిగా ఉంటే ఇలాగే పిచ్చెక్కుతుందనుకుని ఒక పొట్లం బిస్కెట్లు ఉచితంగా ఇచ్చిపోయాడు.

ముందు కార్యదర్శి నిర్ణయం. ఆవిడ ఒక్క పేజీ రాసింది. గేటు పొరపాటుగా మూసినందువల్ల నువ్వు ఆగావు కాబట్టి, ఆగిన చోటునుంచి, మిగిలిన టైముతో పూర్తి చెయ్యొచ్చు. పద్దెనిమిది కిలోమీటర్లు, ఐదు గంటల నాలుగు నిమిషాలు. కనుమ మంచుతో మూసుకుపోయేలోగా, నవంబరు 2 ఆదివారం. వెలుగు తగ్గింది కాబట్టి పొద్దున్న తొమ్మిదికి మొదలు. ఇద్దరు మనుషులు దారిలో ఉంటారు. టైర్ల షాపు ఆయనకి కూడా ఆవిడే రాసింది. ఆయన "ఆఖరి గీత ఎక్కడుందో అక్కడే ఉంది కదా, నాకేం అభ్యంతరం?" అన్నాడట. నువ్వు రాసింది కూడా, రీడింగులు పంపే వైర్‌లెస్‌లో ఆవిడకి చెప్పించాను. ఆవిడ అన్నమాట ఉన్నదున్నట్టు: "అలిసిపోయిన మనిషి కూర్చోవడం మా నియమాల్లో తప్పు కాదు." నేను మాత్రం గేటు డ్యూటీ నుంచి తప్పుకున్నాను. పై ఏడు దుప్పట్ల డ్యూటీ అడిగాను.

శనివారం సాయంత్రం జీపు నీకోసం డిపో దగ్గరికి వస్తుంది. బావని కూడా ఎక్కించుకురా. జీపుకి లిఫ్టు లేదు, ఎత్తడానికి నేను కిందికి దిగి వస్తాను.

ఇంకొకటి. మంచు పడ్డాక ఇక్కడ కేంద్రం మూడు నెలలు మూస్తారు. తొమ్మిదేళ్ళుగా ఆ మూడు నెలలూ కింది ఆఫీసులో గుమాస్తా పని అడిగి వేయించుకుంటున్నాను. ఇన్నాళ్ళూ పని ఒత్తిడి అని నీకు చెప్పాను. పోయిన శీతాకాలం అది అబద్ధం. బావ అలా కుర్చీలో ఉంటే చూడలేక రాలేదు. ఆయన భుజాల మీద కూర్చుని సంతకి వెళ్ళినవాణ్ణి నేను. ఈసారి సెలవు పెట్టాను. డిసెంబరు ఒకటిన వస్తాను. బావ స్నానం, తిండి, వ్యాను నా పని. నువ్వు పడుకో. ఆరింటికి లేస్తావో ఎనిమిదింటికి లేస్తావో నీ ఇష్టం.

ఆగక్కా అని మొదటిసారి తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి అంటున్నాను. కానీ ముందు ఆ పద్దెనిమిదీ పూర్తి చెయ్యి.

తమ్ముడు


డిపో వెనక వీధి
నవంబరు 20

తమ్ముడూ,

గేటు దగ్గర మీ బావ జీపులోంచి "రైట్, రైట్" అని అరిచినదాకానే నువ్వు చూశావు. మర్నాడు జీపు డ్రైవరు నీకు "అయిపోయింది" అని మాత్రం చెప్పాడట. ఆయనకి మాటలు పొదుపు. ఏం జరిగిందో రాస్తాను.

నేను ముందు ఆ బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను గుర్తుందా, నీకూ డ్రాయింగు మాష్టారుకీ కంగారు పుట్టేదాకా? కావాలనే కూర్చున్నాను. ఎవరూ ఆపకుండా, ఎవరూ తోలకుండా లేవాలనిపించింది.

నువ్వు చెప్పింది నిజం, దిగుడు కాళ్ళు తెంపుతుంది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర కొత్తగా వస్తున్న గోరు మళ్ళీ పోయింది. పన్నెండో కిలోమీటరు దగ్గర వాగులో కూర్చుండిపోయాను. దారిలో ఉన్నతను పరిగెత్తుకొచ్చాడు. ఏం కాలేదు నాయనా, ఆగాను అంతే, అని చెప్పాను. రెండు నిమిషాలు ఆగి లేచాను. నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకి గీత దాటాను. ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. గీత పక్కన టైర్ల షాపు పెద్దాయన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి పేపరు మడిచి, నా కాళ్ళు చూసి, "బూట్లు సైజు పెద్దవి కొనాల్సిందమ్మా" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలు లేదు.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. ఇంట్లో గడియారాలన్నీ సరిచేశాను. ముప్పై ఐదేళ్ళ తర్వాత మన ఇంట్లో నిజమైన టైము. బుధవారం పొద్దున్న బుర్ర పది తీసేసింది. డిపోకి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. మేనేజరు నాకు ఒంట్లో బాగాలేదేమోనని కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చాడు. కొంపేం మునగలేదు. బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది, జనం నాలుగు తిట్టి ఎక్కారు.

నిన్న వ్యానుకి లిఫ్టు బిగించారు. ఇవాళ మొదటిసారి బావని ఎక్కించారు. ఇనప పలక మీదికి కుర్చీ తోసి, చక్రాలకి కొక్కేలు వేసి, మీట నొక్కారు. పలక మెల్లగా లేచింది. సగం పైకి వెళ్ళగానే బావ "హోల్డాన్" అన్నాడు. వ్యాను అతను భయపడి మీట వదిలేశాడు. నొప్పా, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగారు. ఆయన గాల్లో కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. మా డిపో గోడ, బస్సులు బయటికొచ్చే గేటు, కింది వాటా ఆవిడ ఆరేసిన దుప్పట్లు. ఏడాదిన్నరగా ఆయన్ని ఎవరో ఒకరు ఎత్తడమో, దించడమో, తొయ్యడమో చేస్తున్నారు. ఒక ఎత్తున, తన మటుకు తను ఆగి చూసింది లేదు. వెనక ఇంకో ముగ్గురు ఎక్కాలి, వ్యాను అతను నా వైపు చూశాడు. తొందర పెట్టొద్దని చేత్తో సైగ చేశాను.

ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు. ఈసారి నిజంగానే చూడలేదురా.

తర్వాత ఆయనే అన్నాడు, "రైట్".

నీ అక్క